ప్రిన్సిపాల్ గారి కంటే ఆరోగ్యంగా ఉండరాదు

2019 జనవరి 21, సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు నేను నిజామాబాద్–బోధన్ రోడ్డు మీద ఉన్న ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలో డిప్యుటేషన్ మీద చేరాను. పది గంటలకే చేరవలసింది. చెరుకు ట్రాక్టర్లు రెండు దారి ఇవ్వక మా బస్సు వాటి వెనకే నలభై నిమిషాలు నడిచింది. చేరిక నివేదికలో ఆలస్యానికి కారణం రాసే గడి లేదు కనుక అక్కడ రాయలేదు, డైరీలో రాసుకున్నాను. విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. మనుషుల పేర్లు మార్చాను. అంకెలు మార్చలేదు.

అప్పటికి నేను జిల్లా కేంద్రంలో ఉప గణాంక అధికారిని. ఇరవై ఏడేళ్లు ఆ శాఖలో పనిచేసి, యాభై మూడో ఏట స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. మా పని చాలావరకు పొలాల్లో ఉంటుంది. వర్నిలో వరి, కమ్మర్‌పల్లిలో పసుపు, నవీపేట్‌లో సోయా. కొలిచిన గడిలో కోసిన పంటను తూచి, దాన్నిబట్టి మండలం దిగుబడి లెక్కకట్టడం. మనుషుల ఆరోగ్యం లెక్కకట్టమని నన్ను పంపడం అదే మొదటిసారి. వరిచేనుకు పక్క చేను తనను చూస్తోందన్న స్పృహ ఉండదు. ఈ తేడాను నేను మొదటి రోజే గమనించి ఉండవలసింది.

అప్పగించిన పని ఇది. ప్రాంగణంలో ఉన్న అధ్యాపకులు, కార్యాలయ సిబ్బంది, ఏజెన్సీ ద్వారా వచ్చిన కార్మికులు, విద్యార్థులు తమ ఆరోగ్యాన్ని తాము ఎలా అంచనా వేసుకుంటారు? వారి పుట్టిపెరిగిన నేపథ్యం, తిండి, నిద్ర, నడక, పొగాకు అలవాట్లు ఆ అంచనాను ఎలా మారుస్తాయి? దీనికి రక్తపరీక్షలు అక్కర్లేదు. ‘మొత్తం మీద మీ ఆరోగ్యం ఎలా ఉంది?’ అని ముందు ఒక ప్రశ్న అడిగి, ఐదు జవాబుల్లో ఒకటి ఎన్నుకోమనాలి: చాలా బాగుంది, బాగుంది, ఫర్వాలేదు, అంత బాగా లేదు, బాగా లేదు. మనిషి ఏది చెబితే అది రాయాలి. అడిగేవారు జవాబును దిద్దకూడదు, సూచించకూడదు, కనుబొమ్మలు కూడా ఎగరేయకూడదు. చివరి మాట సూచనల పుస్తకంలో లేదు, నేను చేర్చుకున్నది.

దీనికి ఒక ఫలం కూడా ఉంది. తమ ఆరోగ్యం బాగా లేదన్న ఉద్యోగుల్లో, కార్మికుల్లో ముప్పై మందికి నిజామాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో ఉచితంగా పూర్తి పరీక్షలు చేయిస్తారు. స్థానాలు ముప్పై. అడగవలసిన మనుషులు నాలుగు వందల పన్నెండు మంది: అధ్యాపకులు 46, కార్యాలయ సిబ్బంది 58, ఏజెన్సీ కార్మికులు 68, విద్యార్థులు 240.

విద్యార్థులతో ఇబ్బంది రాలేదు. తరగతి గదుల్లో విడివిడిగా కూర్చోబెట్టి, బుధ, గురువారాల్లో ఫారాలు నింపించాను. బుధవారం కంటే గురువారం విద్యార్థుల ఆరోగ్యం స్పష్టంగా మెరుగ్గా ఉంది. ఆ తేడాకు కారణం నాకు అంతుపట్టలేదు. అటెండర్ పోశెట్టి మాత్రం, గురువారం మెస్సులో కోడికూర ఉంటుందని ఎటో చూస్తూ అన్నాడు.

మిగిలిన నూట డెబ్బై రెండు మంది ఉద్యోగుల దగ్గరే నేను తప్పు చేశాను. మనిషికి పావుగంట చొప్పున ముఖాముఖి మాట్లాడితే రెండు వేల ఐదు వందల ఎనభై నిమిషాలు, అంటే నలభై మూడు గంటలు పడుతుంది. ఆ ప్రాంగణంలో అంతకంటే వేగమైన పద్ధతి ఒకటి వాడుకలో ఉంది. ఏ ఉత్తర్వు వచ్చినా దాన్ని ఒక పొడుగాటి రిజిస్టర్‌లో అంటించి పోశెట్టి చేతికిస్తారు. అతడు దాన్ని హోదా వరుసలో గదిగదికీ తిప్పుతాడు. ప్రతి ఒక్కరూ తమ పేరు ఎదురుగా ‘చూశాను’ అని రాసి సంతకం పెడతారు. పైవారి సంతకం పడకుండా కిందివారు కలం ముట్టరు. ఒకసారి ఒక సీనియర్ అధ్యాపకుడు పెళ్లికి పోతే, మూడు రోజుల సెలవు ప్రకటన ఆ సెలవులన్నీ అయిపోయాక కింది గదులకు చేరిందట. నేను ఆ రిజిస్టర్‌లోనే నాలుగు కాలమ్‌లు గీయించాను: పేరు, హోదా, ఆరోగ్యం, సంతకం. నలభై మూడు గంటల పని రెండు రోజుల్లో ముగుస్తుందని ఆ రాత్రి డైరీలో సంతృప్తిగా రాసుకున్నాను. ఆ వాక్యం కింద తర్వాత ఎర్రసిరాతో గీత గీశాను.

జనవరి 24, గురువారం మధ్యాహ్నం మూడింటికి రిజిస్టర్ తిరిగి వచ్చింది. మొదటి వరుసలో ప్రిన్సిపాల్ మాధవరావు గారు. ఆయనదే ప్రాంగణంలో అందరికంటే పెద్ద హోదా. ఆయన ‘అంత బాగా లేదు’ అని రాశారు. ఆయన కింద ఇద్దరు ప్రొఫెసర్లు అదే రాశారు. వారి కింద అసోసియేట్ ప్రొఫెసర్లు పైమాటకు గుర్తుగా రెండేసి చిన్న గీతలు పెట్టారు. ఒకాయన ‘పై అభిప్రాయంతో ఏకీభవిస్తున్నాను’ అని పూర్తి వాక్యం రాశారు. జూనియర్ అసిస్టెంట్ దగ్గరికి వచ్చేసరికి అది ‘ప్రిన్సిపాల్ గారి ఆరోగ్యం మేరకు’ అయింది. ఆ అబ్బాయి వయసు ఇరవై నాలుగు. నూట నలుగురిలో తొంభై ఏడుగురు అంత బాగా లేరు, లేదా అసలే బాగా లేరు. మిగిలిన ఏడుగురు ఆ రెండు రోజులూ సెలవులో ఉన్నారు; రిజిస్టర్ ఆగిపోకుండా వారి గడులు నేనే ఖాళీగా వదిలించాను. అందులో నలుగురిది అనారోగ్య సెలవు.

ఏజెన్సీ కార్మికుల రిజిస్టర్ వేరుగా, వారి సూపర్‌వైజర్ చేతి మీదుగా వచ్చింది. అందులో అరవై ఎనిమిది మందికి అరవై ఎనిమిది మంది ‘చాలా బాగుంది’. చేతిరాత మాత్రం ఒక్కరిదే.

ఇక్కడ నా తెలివి గురించి కూడా నిజం రాయాలి. ఆ రెండు రిజిస్టర్లు పక్కపక్కన పెట్టుకుని, ఏదో పెద్ద విషయం కనిపెట్టానని నేను ఒక మధ్యాహ్నమంతా నమ్మాను. కుర్చీలో కూర్చునేవారు రోగులు, చీపురు పట్టినవారు ఆరోగ్యవంతులు. శారీరక శ్రమ గొప్పదనం మీద రెండు పేజీల వ్యాఖ్య రాసి, శుద్ధప్రతి కూడా తీశాను. సాయంత్రం బస్సు కోసం మైదానం పక్కనుంచి పోతుంటే ప్రాంగణం ఫిజికల్ డైరెక్టర్ పరుగెత్తుతూ కనిపించాడు. అది అతడికి ఆ రోజు రెండో పరుగు. తెల్లవారుజామున ఎనిమిది కిలోమీటర్లు పూర్తి చేశాడు. రిజిస్టర్‌లో అతడి జవాబు ‘బాగా లేదు’. ఆపి అడిగాను.

“ప్రిన్సిపాల్ సారే అంత బాగా లేడాయె,” అన్నాడతడు, ఆయాసమేమీ లేకుండా. “ఆయన కింద పద్నాలుగో నంబరోన్ని నేను. నాకు ఈ ఏడు ప్రమోషన్ ఉన్నది. నేనెంత మంచిగుండాల్నో మీరే లెక్క వెయ్యిండ్రి మేడం.”

మరునాడు పోశెట్టిని అడిగితే అతడికి నా ప్రశ్నే వింతగా తోచింది. “పెద్దసారు పానం మంచిగ లేదని రాస్తె, దాని కింద మేం మస్తుగున్నమని రాస్తమా మేడం? నాకు బాగలేకుంటె వీళ్లు ఖుషీగున్నరా అని అనుకోడా ఆయన?”

“మరి నీ పానం నిజంగా ఎట్లా ఉంది పోశెట్టీ?”

“రిజిస్టర్ల రాయనంటె చెప్త,” అన్నాడు.

రెండు పేజీల వ్యాఖ్యను అప్పుడే చించాను. ఇంకా ఏం చేయాలో తేల్చుకోలేదు. తప్పును ఒప్పుకోకుండా నివేదిక పంపితే అడిగేవారు లేరు. అంకెలన్నీ సంతకాలతో సహా ఉన్నాయి.

తేల్చింది సాయిలు. అతడు గేటు దగ్గర కాపలా మనిషి, వయసు యాభై ఆరు. అంతకుముందు బోధన్ వైపు ఒక చిన్న చక్కెర మిల్లులో ఇరవై రెండేళ్లు పొయ్యిలోకి చెరుకు పిప్పి ఎగదోశాడు. జనవరి 28, సోమవారం నాకు వచ్చిన ఒక కవరు ఇవ్వడానికి మొదటి అంతస్తుకు వచ్చాడు. మెట్లు ఇరవై రెండు. ఏడో మెట్టు దగ్గర ఒకసారి, పదహారో మెట్టు దగ్గర ఒకసారి నిలబడ్డాడు. గుమ్మంలో ద్వారబంధం పట్టుకుని చెయ్యి ఎత్తాడు, ఆగమన్నట్టు.

“ఏమైంది సాయిలూ?”

“ఏం గాలే మేడం.” రెండు మూడు ఊపిరులు తీసుకున్నాడు. “మెట్లు జెర ఎక్కువ వెట్టిండ్రు.”

రిజిస్టర్ తీసి అతడి వరుస చూశాను. సాయిలు, కాపలాదారు, చాలా బాగుంది.

“ఇది నువ్వే చెప్పావా?”

“సూపర్‌వైజర్ రాసిండు. నేను సంతకం వెట్టిన. నా సంతకం మంచిగుంటది,” అన్నాడు. సంతకం నిజంగానే బాగుంది.

ఆ ప్రాంగణంలో పరీక్షలు అవసరమైన మనిషి ఒకరున్నారంటే అది అతడే. జాబితా ప్రకారం ముప్పై స్థానాలూ హోదా వరుసలో అధ్యాపకులకు పోయాయి. మొదటి టోకెన్ ప్రిన్సిపాల్ గారికని ఆసుపత్రికి రాసి కూడా పంపారు. నా కాలమ్‌ల వల్ల ఒక మనిషి ఊపిరి లెక్కలోంచి జారిపోయింది. అదే రోజు మధ్యాహ్నం రెండున్నరకు ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లి, నూట అరవై ఐదు జవాబులనూ రద్దు చేసి మళ్లీ ఒక్కొక్కరినే అడగడానికి అనుమతి కోరాను.

మాధవరావు గారు చెడ్డవారు కారు. మాట్లాడేటప్పుడు బల్ల మీది పేపర్‌వెయిట్‌ను గడియారం ముల్లులా తిప్పుతారు; అది ఆగే వరకు ఎదుటివారు మాట్లాడకూడదు. నేను చెప్పింది విని అది రెండుసార్లు తిప్పారు.

“అంటే నా స్టాఫ్ ఆరోగ్యంగా ఉన్నారని మీ ఆరోపణ,” అన్నారు.

ఆరోపణ కాదని, అనుమానమని చెప్పాను.

“నా జవాబు కూడా తప్పేనా?”

“మీ జవాబు సరైనదే కావచ్చు సార్. ఇబ్బంది ఏమిటంటే, మిగతా తొంభై ఆరూ కూడా మీదే.”

పేపర్‌వెయిట్ ఆగింది. అనుమతి ఇచ్చారు, రెండు షరతులతో. ఫిబ్రవరి 7 లోగా ముగియాలి. రిజిస్టర్ పద్ధతి పెట్టింది నేనేనని రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి. దాని ప్రతి మా శాఖకు వెళుతుంది. రాష్ట్ర అవతరణ దినమైన జూన్ 2న ఇచ్చే ప్రశంసా పత్రాల ప్రతిపాదనలో ఆ ఏడు నా పేరుంది. సంజాయిషీ చేరిన వారంలో అది లేదు.

జనవరి 29 నుంచి ఫిబ్రవరి 7 వరకు ఆదివారం తీసేస్తే తొమ్మిది రోజులు. రోజుకు దాదాపు నాలుగు గంటల నలభై ఏడు నిమిషాలు. ప్రాంగణ ఆరోగ్య కేంద్రంలో డాక్టర్ ఫర్జానా తన మందుల గదిని నాకు ఇచ్చారు. ఆ గదికి రెండు తలుపులు; ఒకదాంట్లో వచ్చినవారు మరొకదాంట్లో పోతారు, ఎవరు ఏం చెప్పారో వరుసలో ఉన్నవారికి తెలియదు. సెలైన్ పెట్టెల మధ్య ఒక బల్ల, రెండు కుర్చీలు. డాక్టర్ గారు నాలుగో రోజు లోపలికి తొంగిచూసి, “క్యా మేడం, నా పేషెంట్లందరు మీ దగ్గరకే వస్తున్నరు,” అన్నారు.

ఒంటరిగా అడిగితే మనుషులు వేరే మాట్లాడారు. పట్టణంలో పుట్టి పెరిగిన ఒక లెక్చరర్‌ను ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే ముందు చేతి గడియారం చూసుకున్నాడు. రాత్రి నిద్ర అందులో తక్కువ పడిందట; తనకు మాత్రం బాగానే నిద్రపట్టినట్టు అనిపించిందట. ఎవరి మాట రాయాలో అతడే తేల్చుకోలేక ‘ఫర్వాలేదు’ అన్నాడు. వర్ని దగ్గరి రైతు కుటుంబం నుంచి వచ్చిన ఒక అధ్యాపకురాలికి నడుమునొప్పి, మెడనొప్పి, నెలకు రెండుసార్లు తలనొప్పి. జవాబు మాత్రం ‘బాగుంది’. “మా అవ్వ అరవై ఏండ్లకు గూడ నాట్లేసింది మేడం. నేను కుర్చీల కూసొని నొస్తున్నదంటె నవ్వుతది,” అంది, తల్లి గురించి. ఊడ్చే పని చేసే ఇద్దరు ఆడవాళ్లు ఇంటికి పోయి బీడీలు చుడతారు. ‘ఫర్వాలేదు’ అన్న జవాబును ఇద్దరూ వేర్వేరుగా, ఒకే తీరుగా, వేళ్లు చూపించి చెప్పారు. వేళ్లు ఆడుతున్నంత వరకు ఫర్వాలేదన్నమాట. ఫిజికల్ డైరెక్టర్ తలుపు మూసి ఉందా అని రెండుసార్లు చూసి, ‘చాలా బాగుంది’ అని గొంతు తగ్గించి చెప్పాడు.

ఫిబ్రవరి 5, మంగళవారం పన్నెండూ పదికి సాయిలు వచ్చాడు. ముద్రించిన ప్రశ్న చదివాను.

“మంచిగనే ఉన్న మేడం.”

రెండో ప్రశ్న కూడా ఒకటి ఉంటుంది: మీ వయసు వారితో పోలిస్తే ఎలా ఉంది?

“నా ఈడోళ్లా?” అతడు కాసేపు లెక్కపెట్టాడు. “పొయ్యి కాడ ఆరుగురం ఉంటిమి. నల్గురు పోయిండ్రు. ఐదోడు మంచంల ఉన్నడు. గాళ్లకంటె నేను మస్తు మంచిగున్న.”

నియమం ప్రకారం అదే రాశాను: తన వయసు వారి కంటే బాగుంది. ఇరవై ఏడేళ్లలో అంత కచ్చితమైన జవాబు, అంత పనికిరాని జవాబు నేను రాయలేదు.

ఈ గదిలో చెప్పింది సూపర్‌వైజర్‌కు తెలియదని చెప్పాను. అతడు నవ్వాడు. “తెల్వకుంట ఎట్లుంటది మేడం? దవాఖాన్ల పేరు వెట్టి పిలుస్తరు. సాయిలుకు ఊపిరాడ్తలేదని తెలిస్తె గేటు కాడ ఎవరు నిలవెడ్తరు? బిడ్డ నర్సింగ్ ఇంక ఏడాది ఉన్నది. గప్పటిదాంక నా పానం మంచిగనే ఉంటది.”

జవాబు అతడిది, దాన్ని దిద్దే అధికారం నాకు లేదు. ఫారం చివర ‘పరిశీలకుల గమనిక’ అని ఒక కాలమ్ ఉంటుంది. అది మాత్రం నాది. సాధారణంగా అక్కడ ‘ఏమీ లేదు’ అని రాస్తాము. నేను ఇలా రాశాను: మెట్లు 22, ఆగినది 2 సార్లు, గేటు నుంచి ఈ గది వరకు ఆగినది 3 సార్లు, ఒక పొడుగు వాక్యం ఏకబిగిన పూర్తి చేయలేదు.

డాక్టర్ ఫర్జానా ఆ సాయంత్రం ఫారాలు తిరగేశారు. “మీ లెక్కల ఈయన ఆరోగ్యవంతుడు మేడం,” అన్నారు. “గమనిక చదివితె అడ్మిట్ చెయ్యాలె.” కాని స్థానాలు జవాబును బట్టి ఇవ్వాలి, గమనికను బట్టి కాదు. నియమానికి ఆవిడా లోబడాలి, నేనూ లోబడాలి.

ఫిబ్రవరి 7, గురువారం నాలుగింటికి చివరి మనిషి వచ్చారు. ఆయన ప్రిన్సిపాల్. సెలైన్ పెట్టెల మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. తిప్పడానికి పేపర్‌వెయిట్ లేదు. ప్రశ్న చదివాను. ఆయన రెండో తలుపు వైపు, మొదటి తలుపు వైపు చూశారు.

“బాగుంది,” అన్నారు.

కనుబొమ్మలు ఎగరేయకూడదన్న నా నియమం ఆ రోజు కష్టమైంది. రాసుకున్నాను. ఆయనకే ఉండబట్టలేదు. “వైస్ ఛాన్సలర్ గారు డిసెంబర్‌లో గుండె ఆపరేషన్ చేయించుకున్నారు. ఆ రిజిస్టర్ ప్రతి ఆయనకు వెళ్తుంది. నేను బాగున్నానని ఎలా రాస్తానమ్మా?”

నూట డెబ్బై రెండు జవాబులు ఇలా తేలాయి: చాలా బాగుంది 19, బాగుంది 58, ఫర్వాలేదు 54, అంత బాగా లేదు 29, బాగా లేదు 12. చివరి పన్నెండు మందికి స్థానాలు ఖాయం. వారి పైనున్న ఇరవై తొమ్మిది మందిలో పదిహేడుగురిని చీటీలు తీసి ఎంపిక చేశాము. మొత్తం ఇరవై తొమ్మిది. ఒకటో టోకెన్ ప్రిన్సిపాల్ గారిది కనుక దాన్ని చీటీల్లో కలపలేదు. తనకు అవసరం లేదని, దాన్ని డాక్టర్ గారి విచక్షణకు వదులుతున్నానని ఆయన ఒక చిన్న కాగితం మీద రాసిచ్చారు. డాక్టర్ గారి విచక్షణకు అర నిమిషం కూడా పట్టలేదు. ఆసుపత్రిలో పేర్లు పిలవకూడదని, టోకెన్ నంబర్లే పిలవాలని కూడా ఆవిడ ఏర్పాటు చేశారు. సాయిలు తన వారపు సెలవు రోజున, ఫిబ్రవరి 20, బుధవారం వెళ్లాడు.

అయితే ఒకటో నంబరు ప్రిన్సిపాల్ గారిదని ఆసుపత్రికి ముందే రాసి పంపిన సంగతి మేమిద్దరం మరచిపోయాము. మరునాడు సాయిలు గేటు దగ్గర నన్ను ఆపి చెప్పాడు.

“కుర్సీ ఏసిండ్రు మేడం. ఏసీ రూంల కూసోవెట్టిండ్రు. చాయ్ దెచ్చిండ్రు. సార్, ఇటు రాండ్రి సార్, షర్టు ఇప్పుండ్రి సార్. నేను సారును కానంటె ఇంక ఎక్కువ మర్యాద జేసిండ్రు. ఇంత సాదా మనిషిని సూల్లేదన్నరు.”

అదే రోజు ఆసుపత్రి వరండాలో తన టోకెన్ కోసం కూర్చున్న సూపర్‌వైజర్‌కు ‘ఒకటో నంబరు సార్’ అన్న పిలుపు తప్ప ఇంకేమీ తెలియలేదు. అంతవరకు మా ఏర్పాటు మేము అనుకున్న దానికంటే బాగా పనిచేసింది.

ఫిబ్రవరి 26న నివేదికలు వచ్చాయి. ఒకటో నంబరు కవరు మీద ఆసుపత్రివారు మర్యాదగా ప్రిన్సిపాల్ గారి పేరు రాశారు. కార్యాలయ సూపరింటెండెంట్ దాన్ని మామూలు తపాలాతో పాటు విప్పి చదివాడు. ఊపిరితిత్తుల పని సగానికి తగ్గింది. దుమ్ము, పొగ వల్ల చాలా ఏళ్లుగా ముదిరింది. వెంటనే మందులు మొదలుపెట్టాలి. నడక, నిలబడి చేసే పని మానాలి. సాయంత్రానికి ప్రాంగణమంతా తెలిసింది. మరునాడు ఉదయం తొమ్మిదిన్నర నుంచి పరామర్శలు మొదలయ్యాయి. ఒకరు మిరియాల కషాయం ఫ్లాస్కులో తెచ్చారు. ఒకరు హైదరాబాద్ డాక్టర్ ఫోన్ నంబరు తెచ్చారు. ఫిజికల్ డైరెక్టర్ ఊపిరి బిగపట్టే పద్ధతి నేర్పుతానని ముందుకొచ్చాడు. వరండాలో ముగ్గురు దగ్గుతుండగా నేను విన్నాను; వారిలో ఇద్దరు నాకు ‘చాలా బాగుంది’ అని చెప్పినవారు.

పదకొండూ ఇరవైకి నాకూ, డాక్టర్ గారికీ పిలుపు వచ్చింది. బల్ల మీద కషాయం ఫ్లాస్కులు మూడు ఉన్నాయి. పేపర్‌వెయిట్ వేగంగా తిరుగుతోంది.

“ఈ ఊపిరితిత్తులు ఎవరివి?” అని అడిగారు మాధవరావు గారు.

 పేరు చెబితే నియమం పోతుంది, నియమంతో పాటు సాయిలు ఉద్యోగం పోతుంది. ‘నిలబడి చేసే పని మానాలి’ అన్న వాక్యం గేటు మనిషికి తొలగింపు ఉత్తర్వుతో సమానం. జవాబిచ్చినవారి పేరు బయటపెట్టకూడదని చెప్పాను.

“పేరు చెప్పకూడదు. పరామర్శలు మాత్రం నేను తీసుకోవాలి.”

డాక్టర్ ఫర్జానా తొందరపడలేదు. పొద్దున్నే ఆవిడ గేటు దగ్గరికి వెళ్లి, నీ పేరు చెప్పనా అని సాయిలునే అడిగారు. అతడు పెట్టిన షరతు ఒకటే: ముందు కుర్చీ, తర్వాత పేరు. ఆవిడ దాన్ని అలాగే అప్పగించారు.

“ఆ మనిషికి కూసొని చేసే పని కావాలె సార్. మీరు ముందు కుర్చీ ఏదో చెప్పుండ్రి. నేను తర్వాత పేరు చెప్త. గా మనిషి మాట గట్లనే ఉన్నది.”

“ఎవరో తెలియకుండా పోస్టింగ్ ఇవ్వాలా?”

“టోకెన్ ఇచ్చిండ్రు గద సార్, ఎవరో తెల్వకుంట.”

తలుపు దగ్గర మరొకరు ఫ్లాస్కుతో నిలబడ్డారు. మాధవరావు గారు ఆ ఫ్లాస్కును చూశారు, తర్వాత లెటర్‌హెడ్ ముందుకు లాక్కున్నారు. గ్రంథాలయం గుమ్మం దగ్గర విద్యార్థుల సంచులు తీసుకుని బిళ్లలిచ్చే బల్ల ఒకటి ఉంది. దాని దగ్గర మనిషి లేక నాలుగు నెలలైంది. ఏజెన్సీ కార్మికుల్లో ఒకరిని అక్కడికి మార్చుతున్నామని, ఇది కూర్చుని చేసే పని అని, తన అనుమతి లేకుండా ఆ మనిషిని అక్కడినుంచి మార్చరాదని రాశారు. పేరు ఉండవలసిన చోట ఖాళీ వదిలారు. సంతకం చేసి, ముద్ర వేసి, తేదీ వేశారు. అప్పుడు కలం డాక్టర్ గారికి ఇచ్చారు. ఆవిడ ఖాళీలో సాయిలు పేరు రాశారు.

ప్రిన్సిపాల్ గారు ఆ పేరు రెండుసార్లు చదివారు. “రోజూ నా కారుకు గేటు తీస్తాడు,” అన్నారు. “నమస్తే కూడా పెడతాడు. ఎప్పుడూ మాట్లాడడు. గర్వం అనుకున్నాను.”

సూపర్‌వైజర్ కారణం అడగలేదు. పైనుంచి వచ్చిన ఉత్తర్వుకు అక్కడ కారణం అడిగే అలవాటు లేదు. మార్చి 1, శుక్రవారం సాయిలు బల్ల దగ్గర కూర్చున్నాడు. పీల్చే మందు సంచుల అరలో, ఒకటో నంబరు గడిలో పెట్టుకునేవాడు. అతడి కూతురు చదువు ముగించిన నెలలో నేను వేరే పని మీద వెళ్లి హాజరు పట్టీ చూశాను. అతడి పేరు ఉంది.

ఈ పని నాకు నేర్పింది ఇది. ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే ఎవరూ తమ ఒంటిని మాత్రమే చూసి చెప్పరు. ఎవరో ఒకరి పక్కన నిలబడి చెబుతారు. ఆ ఒకరు పై అధికారి కావచ్చు, నాటు వేసిన తల్లి కావచ్చు, చనిపోయిన నలుగురు పనివారు కావచ్చు. కాబట్టి ఒంటరిగా అడగాలి. ఎవరితో పోల్చి చెబుతున్నారో అడగాలి. ఆ తర్వాత గమనిక కాలమ్‌ను ఖాళీగా వదలకూడదు. మా శాఖలో తర్వాత వచ్చిన వారికి నేను రాసిచ్చిన సూచన కూడా ఈ చివరి మూడు వాక్యాలే.

పోయినవి: జవాబులు 165, వ్యాఖ్య పేజీలు 2, ప్రశంసా పత్రం 1. మిగిలినవి: విద్యార్థుల జవాబులు 240, ఉద్యోగుల జవాబులు 172, గమనిక 1, ఉద్యోగం 1.